సార్జెంటుకు పెట్టిన పొగ

లారీ దిగేసరికి వాన. డిసెంబరు వాన. ఈ దీవిలో వాన ఆగాలనుకుంటే అరగంటలో ఆగుతుంది, లేదంటే మూడు రోజులు. మాకు తగిలింది మూడు రోజుల వాన. వీపున సంచి, చేతిలో రైఫిలు, నడుముకు రెండు నీళ్ల సీసాలు. మొదటి అడుగులోనే బూట్లు చీలమండల దాకా బురదలో దిగబడ్డాయి. ఎదురుగా మడ అడవి. దాని వెనక జలసంధి. జలసంధి అవతల గట్టున మలేషియా, వానలో బూడిదరంగు గీతలా కనిపిస్తోంది.

క్రాంజీలో మేకల ఫారాలు, కప్పల ఫారాలు దాటాక బస్సులు ఆగిపోతాయి. అక్కడి నుంచి సైన్యం లారీలే గతి. మా పోస్టు ఆ రోడ్డు చివర ఉండేది. ఒక సిమెంటు బంకరు, పడుకోవడానికి రెండు గదులు, ఒక కావలి గూడు, ఒక స్టోరు. స్టోరులో ఏముందో మాకు చెప్పలేదు. కాపలా కాయమన్నారు, కాశాం. బంకరు మీదికి కొమ్మలు చాచి ఒక బాదం చెట్టు ఉండేది. మన వైపు ఇళ్ల ముందు పెంచే నాటు బాదమే. పెద్దపెద్ద ఆకులు ఎర్రబడి టపటపా రాలుతుండేవి. రోజూ పొద్దున్నే వాటిని ఊడవడం మా మొదటి డ్యూటీ.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఇక్కడ పెరిగిన మగపిల్లలందరం రెండేళ్లు సైన్యంలో పనిచేయాలి. నాన్న కంప్యూటరు ఉద్యోగానికి వచ్చినప్పుడు నాకు ఐదేళ్లు కాబట్టి ఆ లెక్కలో నేనూ పడ్డాను. చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాటు నుంచి ఆ పోస్టు గట్టిగా పది కిలోమీటర్లు ఉండదు. అయినా అమ్మ నన్ను సరిహద్దుకు పంపుతున్నట్టే ఏడ్చింది. మన తెలుగువాళ్ల విందుల్లో ఇప్పటికీ ఎవరో ఒక అంకుల్ అడుగుతాడు, "ఏం బాబూ, మిలిటరీలో యుద్ధం గిద్ధం చూశావా?" అని. లేదంకుల్ అని నవ్వి ప్లేటు పట్టుకుని పక్కకు పోతాను. నేను చూసింది చెబితే అన్నం సహించదు, లేదా నమ్మరు.

ఆ రోజు లారీ దగ్గరికి గొడుగు లేకుండా ఒక మనిషి వచ్చాడు. పొడవు, నలుపు, మీసం. చేతి మీద మూడు పట్టీలు. మా సెక్షన్ కమాండరు, సార్జెంటు. మేమంతా రెండేళ్లు చేసి పోయేవాళ్లం, అతను మాత్రం సైన్యాన్నే ఉద్యోగంగా పెట్టుకున్నవాడు. తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న తమిళ కుటుంబం. సెంబవాంగ్‌లో ఇల్లు. వరసగా నిలబెట్టి చొక్కాల మీద కుట్టిన పేర్లు చదువుతూ వచ్చాడు. నా దగ్గర ఆగాడు.

పేరు మొత్తం ఆ గుడ్డ పేలిక మీద పట్టదని ఇంటిపేరు ఒక్కటే కుట్టారు. మా ఇంటిపేరు పాముల.

"పాము-లా?" అన్నాడు. "పాము అంటే ఏంటి?"

"స్నేక్, సార్జెంట్."

"అంటే నీ పేరు స్నేక్ లా?"

ఇక్కడ ఏ మాట చివరైనా 'లా' తగిలిస్తారు. తినేశాను లా, రాను లా, తెలియదు లా. మా తాతముత్తాతలకు ఆ సంగతి తెలియక ఇంటిపేరు చివర ముందే తగిలించి పెట్టారు. నాతో లారీ దిగిన ఏడుగురూ వానలో పగలబడి నవ్వారు. ఇది ఇంటిపేరు మాత్రమేనని, ఇంట్లో ఎవరం పాముని ముట్టుకోలేదని చెప్పబోయాను. ఎవరూ వినలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. పాము బొమ్మ ఉన్న పాఠం పేజీని క్లిప్పు పెట్టి మూసేసిన మనిషిని నేను. ఆ రోజు నుంచి క్యాంపు మొత్తానికి పాములవాణ్ని అయిపోయాను.

మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, 'లా'లు మాత్రం అలాగే ఉంచాను. అవి తీసేస్తే వాళ్ల గొంతులు నాకు వినబడవు.

ఏడుగురిలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకడు సిగ్నలర్. మలయ్ కుర్రాడు. రేడియో వాడి ప్రాణం. నిద్రలో కూడా "ఓవర్" అనేవాడు. రెండోవాడు మెడిక్. చైనీస్. సైన్యం అయ్యాక డాక్టరు చదువుకు సీటు ఖాయమైనవాడు. ప్రతి దానికీ వాడి దగ్గర ఒక సైన్సు ఉండేది. మేం ముగ్గురం ఒక గదిలో, తడిసిన సాక్సులు ఆరేసిన తాడు కింద.

వారం పోస్టులో, రెండు రోజులు ఇంట్లో. మళ్లీ వారం. కావలి గూట్లో వంతుకు రెండు గంటలు. ఆటుకి బురద బయటపడి కుళ్లిన గుడ్ల వాసన వేసేది. పోటుకి నీళ్లు కంచె దాకా వచ్చేవి. సాయంత్రం అవతలి గట్టున మసీదు పిలుపు గాలిని బట్టి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినబడేది. సిగ్నలర్ పనిలో ఉన్నా ఒక్క క్షణం ఆగేవాడు. ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేయాలి, సాయంత్రం ఒక గంట మాత్రం ఇస్తారు. ఆ గంటలో సార్జెంటు బాదం చెట్టు కింద అటూ ఇటూ నడుస్తూ భార్యతో మాట్లాడేవాడు. ఆమెకు నెలలు నిండాయి. తొలి కాన్పు. అంతకుముందు రెండుసార్లు నిలవలేదట. అది మాతో అతను చెప్పలేదు. ఒక రాత్రి రైఫిలు శుభ్రం చేసుకుంటూ "ఈసారి చూస్తాను లా" అని తనలో తాను అనుకున్నాడు. నేను విన్నాను. కబురు అందగానే వెళ్లడానికి అతనికి ముందే అనుమతి ఉంది. సంచి సర్దుకుని తలుపు పక్కనే పెట్టుకున్నాడు.

వాన వెలిసిన పొద్దున సిగ్నలర్ కేక పెట్టాడు. "సార్జెంట్, యాంటెన్నా తీగ కదులుతోంది!"

తీగ కాదు. బాదం కొమ్మ నుంచి బంకరుకి కట్టిన యాంటెన్నా తీగ వెంట ఒక పాము సాగి పడుకుని ఉంది. మీటరు పొడవు, నా చిటికెన వేలంత లావు. వీపు కొత్త ఇత్తడి చెంబు రంగు. పక్కల వెంట లేత పసుపు చార. కంటి మీదుగా కాటుక గీసినట్టు నల్లని గీత. కళ్లు గుండ్రంగా, పెద్దగా. ఎంత అందంగా ఉందో అని ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు నేను చూసుకున్నది బంకరు తలుపు ఎంత దూరమో.

"పాము-లా!" అన్నాడు సార్జెంటు. "మీ బంధువొచ్చాడు. తీసుకెళ్లు."

చీపురు పట్టుకుని తీగ కిందికి వెళ్లాను. చీపురు ఎత్తాను. దించాను. మళ్లీ ఎత్తాను. పాము నావైపు తల తిప్పి నాలుక ఆడించింది. కొట్టడానికి లేదు. జంతువుల్ని చంపొద్దని సైన్యం ఆర్డరు. ఆర్డరు లేకపోయినా సార్జెంటు ఒప్పుకునేవాడు కాదు. పెళ్లాం కడుపుతో ఉండగా మగవాడు పాముని చంపకూడదన్న మాట వాళ్లలోనూ ఉంది, మనలోనూ ఉంది.

నేను నాలుగోసారి చీపురు ఎత్తేసరికి అతని ఓపిక అయిపోయింది. "పక్కకి జరుగు లా" అని పెట్టె మీద ఎక్కి చేత్తోనే తీగ మీంచి తప్పించబోయాడు. పాము మెడ ఉబ్బించింది. పొలుసుల మధ్య నుంచి ఒక్కసారి నీలం రంగు మెరిసింది. బొటనవేలి మీద కరిచి, వదిలి, రెప్ప వేసేలోపు చెట్టు చిటారు కొమ్మకు చేరింది.

మెడిక్ వేలు కడిగాడు. సూది మొనలంత చుక్కలు, అంతే. రక్తం కూడా సరిగా రాలేదు. "పెయింటెడ్ బ్రాంజ్‌బ్యాక్, సార్జెంట్. చెట్టుపాము. ఈ దీవులన్నిటా ఉంటుంది, ఇండోనేషియా దాకా. బల్లులు, కప్పలు తింటుంది. మనిషికి ఏమీ కాదు."

"ఏమీ కాదా?"

"ఏమీ కాదు."

"ఏమీ అంటే ఏమీ?"

మెడిక్ పోస్టు ఫోనులో పైవాళ్లను అడిగాడు. వాళ్లూ అదే చెప్పారు. గాయం కడిగి, కనిపెట్టి ఉండమన్నారు. అక్కడితో అయిపోవాలి. కానీ పాము ఆ కొమ్మ దిగలేదు. కొమ్మ చివర తల కిందికి వేలాడేసి, బంకరు గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయింది. మధ్యాహ్నం చూస్తే అక్కడే ఉంది. సార్జెంటు అన్నం పొట్లం విప్పి మళ్లీ మూసేశాడు. సాయంత్రం చూస్తే అక్కడే.

ఒకసారి బురదలో ఛాతీ దాకా కూరుకుపోయిన మనిషిని ఇతను ఒక్కడే పాకుతూ వెళ్లి లాక్కొచ్చాడు. అలాంటివాడు ఇప్పుడు బొటనవేలు పట్టుకుని చెట్టు చిటారు వంక చూస్తున్నాడు. నాకు బాధేసింది. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"మీ ఊళ్లో దీన్నేమంటారు?" అన్నాడు చూపు తిప్పకుండా.

"తెలీదు సార్జెంట్."

"మా పాట్టి, మా నాయనమ్మ, దీన్ని కొంబేరి మూక్కన్ అనేది. కరిచి చెట్టెక్కుతుంది. కరిచినవాణ్ని కాల్చే పొగ కనిపించేదాకా దిగదు." బొటనవేలు నొక్కుకున్నాడు. "నాకు తెలుసు లా. మెడిక్ చెప్పాడు, పైవాళ్లు చెప్పారు, విషం లేదు. నాకు తెలుసు. కానీ అది నా పొగ కోసం చూస్తోంది, పాము-లా. నేను నా బిడ్డని చూడాలి."

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ కథ నేనూ విన్నాను, మా అమ్మమ్మ నోట. ఆమెది సూళ్లూరుపేట దగ్గర పల్లె. అక్కడ తెలుగెక్కడ ఆగి అరవమెక్కడ మొదలవుతుందో పాములకే కాదు, మనుషులకూ తెలియదు. తాతయ్య పోయాక మా ఫ్లాటులోనే ఉంటోంది.

ఫోను గంట ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇంటికి చేసి స్పీకరు పెట్టాను.

"కొంబేరా?" అంది అమ్మమ్మ. "ఎవుర్ని గరిచింది? నిన్నా?"

"నన్ను కాదమ్మమ్మా, మా సార్జెంటుని."

"బతికుండాడా?"

"పక్కనే ఉన్నాడు, వింటున్నాడు."

"అట్నా! ఏం బయం లేదు సామీ!" అని ఫోనులోంచి అరిచి, ఆ మాటే అరవంలో ఇంకోసారి అరిచింది. సార్జెంటు తనకు తెలియకుండానే ఫోనుకి నమస్కారం పెట్టాడు. "నేను చెప్పేది ఇను అబ్బయా. దానిగ్గావల్సింది పొగ. పొగ జూపిస్తే పోతది. ఆయన ఒంటిమీద గుడ్డ ఒకటి, నాలుగెంట్రికలు. చెట్టు కింద చితి మాదిరి పేర్చి అంటించండి. ఎవురన్నా ఇద్దరు కూకొని ఏడవాల. ఉత్తపొగకి మోసపోదది, తెలివైంది. ఏడుపు ఇనబడితే, సరే పోయినాడ్లే అని దిగిపోతది."

"అమ్మమ్మా, ఆయన భార్య కడుపుతో ఉంది. కడుపుతో ఉంటే మొగుడు చావుకి పోకూడదంటావు కదా?"

 టీవీ చప్పుడు మాత్రం వినబడుతోంది. అమ్మమ్మ ఆలోచిస్తోంది.

"శవాన్ని మొయ్యగూడదన్నారు," అంది చివరికి. "శవంగా ఉండగూడదని ఎవురూ అన్లేదే."

సార్జెంటు ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

సైన్యం స్థలంలో నిప్పు పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే. పట్టుబడితే చార్జి. చార్జి పడితే విచారణ అయ్యేదాకా క్యాంపు దాటి కదలనివ్వరు, అంటే కబురొచ్చినా ఆసుపత్రికి పోలేడు. అది మా ముగ్గురికీ తెలుసు. సార్జెంటుకి ఇంకా బాగా తెలుసు. రాత్రంతా ఆలోచించాడు. పొద్దున పాము ఆ కొమ్మ మీదే చుట్ట చుట్టుకుని ఉంది. "చిన్న పొగ లా," అన్నాడు. "రెండు నిమిషాలు."

సామగ్రి ఇదీ. రేషను వేడి చేసుకునే తెల్లని ఇంధనం బిళ్లలు. రేషను పెట్టెల అట్ట. ఎండు కొమ్మలు. మెడిక్ దగ్గరున్న కత్తెర. గుడ్డ ఒంటి మీదదే కావాలంది కాబట్టి సార్జెంటు తొడుక్కున్న చొక్కా ఎడమచేతిని భుజం దగ్గర కత్తిరించాం. వెంట్రుకలు మాత్రం కష్టమైంది. తల మీద గోటికి అందేంత జుట్టు లేదు మాలో ఎవరికీ. మెడిక్ చూపు మీసం మీద పడింది.

"మీసం ముట్టుకుంటే చంపుతాను," అన్నాడు శవం.

చివరికి తనే అద్దంలో చూసుకుంటూ నాలుగు వెంట్రుకలు లెక్కపెట్టి ఇచ్చాడు.

మిగతా ఐదుగురూ కంచె వెంట గస్తీకి పోయాక చెట్టు కింద పేర్చాం. సార్జెంటు రెండడుగుల అవతల తన వర్షపు షీటు పరుచుకుని కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఏడవడానికి మెడిక్‌నీ సిగ్నలర్‌నీ పెట్టాం. మెడిక్ ఏడుపు దగ్గులా ఉంది. సిగ్నలర్ మాత్రం భలేవాడు. మొదట సరదాకే మొదలుపెట్టాడు. కాసేపటికి ముక్కు ఎగబీలుస్తూ నిజంగానే ఏడ్చాడు. పోయినేడు వాళ్ల తాత పోయినప్పుడు తను ఫీల్డులో ఉన్నాడట. ఆ తర్వాతెప్పుడో చెప్పాడు.

నేను అంటించాను. బిళ్లలు బాగానే మండాయి. పొగ లేదు. అందుకని నేను ఒక తెలివైన పని చేశాను. ఊడ్చి కుప్పపోసిన బాదం ఆకులు, మూడు రోజుల వానలో నానినవి, చారెడు తీసి వేశాను. చాలలేదని ఇంకో చారెడు.

పొగ లేచింది. తెల్లగా, లావుగా, బంకరు దాటి, చెట్టు దాటి, పైకి. మలేషియాలో కూడా ఎవరో ఒకరు చూసే ఉంటారు.

రేడియో మా పోస్టు సంకేతంతో పలికింది. "వన్ త్రీ, మీ దగ్గర పొగ కనిపిస్తోంది. ఏమిటది? ఓవర్."

సిగ్నలర్ ముక్కు తుడుచుకుంటూ పరుగెత్తాడు. "పొగ... అడ్మిన్ పని. ఓవర్."

"ఏం అడ్మిన్ పని? ఓవర్."

వాడికి అబద్ధం రాదు. రేడియోలో అసలే రాదు. "దహనం. ఓవర్."

చాలాసేపు గరగర మాత్రమే. "ఎవరిది? ఓవర్."

"సార్జెంటుది. ఓవర్."

"సార్జెంటుని లైనులోకి పిలువు. ఓవర్."

"రాలేడు. పడుకుని ఉన్నాడు. ఓవర్."

పది నిమిషాల్లో ల్యాండ్ రోవర్ వచ్చి ఆగింది. దిగింది ఎన్సిక్. మాకు వారంటు ఆఫీసరు, పెద్దదిక్కు. మలయ్‌లో అయ్యగారు అన్నట్టు. తెల్లజుట్టు, పొట్టి మనిషి. అతను అరిస్తే బారకాసులో గాజు గ్లాసులు మోగేవి. మేం ముగ్గురం బిగుసుకుపోయి నిలబడ్డాం. సార్జెంటు లేచి నిలబడ్డాడు, ఒక చెయ్యి చొక్కాతో, ఒక చెయ్యి బోసిగా.

ఎన్సిక్ మంట వంక చూశాడు. చొక్కా చెయ్యి ఇంకా సగం కాలుతోంది. సార్జెంటు బోసి చేతి వంక చూశాడు.

"చెప్పు."

సార్జెంటు ఏదీ దాచలేదు. పాము, పాట్టి, పొగ, బిడ్డ, అంతా రెండు నిమిషాల్లో చెప్పాడు. మా పేర్లు మాత్రం చెప్పలేదు. "నేను ఆర్డరు వేశాను, వీళ్లు చేశారు," అన్నాడు.

అప్పుడే జీపులో రేడియో మోగింది. ఎన్సిక్ విని వచ్చాడు. ముఖంలో ఏమీ తెలియలేదు. "నీ భార్యని ఆసుపత్రికి తీసుకెళ్లారు. నొప్పులు మొదలై గంటయింది. నీకు చెప్పమని కబురు."

మేమంతా సార్జెంటు వంక చూశాం. తలుపు పక్కన సంచి సర్ది ఉంది. జీపు ముందే ఉంది. అతను కదలలేదు. తలెత్తి పైకి చూశాడు. పొగలో, చిటారు కొమ్మ మీద, పాము ఉంది.

"ఇంకా దిగలేదు, ఎన్సిక్," అన్నాడు.  అంత పెద్ద మనిషి అలా అంటుంటే చూడలేక మంట వైపు తిరిగాను.

ఎన్సిక్ ఇప్పుడు అరుస్తాడనుకున్నాను. అతను నడుం మీద చేతులు పెట్టుకుని పాము వంక చూశాడు. మా వంక చూశాడు. మళ్లీ పాము వంక చూశాడు.

"ఎలా నమ్ముతుంది? సార్జెంటు చస్తే ముగ్గురు కుర్రాళ్లా వచ్చేది? టోపీలతోనా?"

తన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మేమూ తీశాం. మంట ముందు వరసగా నిలబడ్డాం. ఎన్సిక్ తల వంచాడు. నిజంగానే వంచాడు. సిగ్నలర్ మళ్లీ మొదలుపెట్టాడు. ఆకుల పొగ ఒక్కసారి దట్టంగా లేచి కొమ్మని కప్పేసింది.

పొగ పక్కకు జరిగేసరికి పాము కదులుతోంది. తొందర లేదు. కొమ్మ మీంచి కింది కొమ్మకు, అక్కడి నుంచి యాంటెన్నా తీగ మీదికి, తీగ మీంచి కంచె మీదికి. కంచె మీద ఒక్క క్షణం ఆగింది. నాకు రెండడుగుల దూరం. కాటుక పెట్టిన ఆ గుండ్రటి కన్ను నాకు స్పష్టంగా కనిపించింది. నేను పారిపోలేదు. మడ చెట్ల ఆకుల్లోకి జారి పోయింది.

"పొగ పెడితే ఏ జంతువైనా పోతుంది లా," అన్నాడు మెడిక్ మెల్లగా.

"మా అమ్మమ్మా అదే కదా చెప్పింది," అన్నాను.

సార్జెంటు ఎన్సిక్ ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు, చార్జి వినడానికి. ఎన్సిక్ టోపీ పెట్టుకున్నాడు. "నిప్పు పెట్టినందుకు వారం డ్యూటీ వేయాలి. కానీ చచ్చినవాడికి డ్యూటీ ఎలా వేస్తాం? పో. జీపెక్కు."

సార్జెంటు పరుగెత్తాడు. సంచి మర్చిపోయాడు. చొక్కా మార్చుకోవడం మర్చిపోయాడు. నేను సంచి పట్టుకుని వెనక పరుగెత్తి కదిలే జీపులోకి విసిరాను.

పాము చావలేదు, కర్ర విరగలేదు. నిప్పు సంగతి ఎన్సిక్ పైకి ఏమని చెప్పాడో గానీ మాకు పడ్డ శిక్ష కంచె పొడవునా గడ్డి కోయడం. ఆ వారం సెలవు రెండు రోజులూ ఇంటికి పోలేదు. ఆ రోజే మొదలుపెట్టి సిగ్నలర్, మెడిక్, నేను వంగి గడ్డి కోస్తుంటే మధ్యాహ్నం రేడియోలో సార్జెంటు గొంతు. నియమం ప్రకారం అది తప్పు, ఎవరూ ఆపలేదు. "వన్ త్రీ, ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. నేను చూశాను. ఓవర్." సిగ్నలర్ బదులివ్వలేక మైకు నాకిచ్చాడు. "చూశాం సార్జెంట్" అనబోయి "విన్నాం, ఓవర్" అన్నాను.

సార్జెంటు తిరిగొచ్చేసరికి పాము కూడా తిరిగొచ్చింది. అదో, దాని చుట్టమో. అదే బాదం చెట్టు, అదే తీగ. ఈసారి అతను ఆగి, పైకి చూసి, "గుడ్ మార్నింగ్. నేను పోయాను, గుర్తుందా?" అని తన దారిన పోయాడు. నేనూ దాని కింద నిలబడి ఆకులు ఊడ్చేవాణ్ని. భయం పూర్తిగా పోలేదు. మాట్లాడేవాణ్ని మాత్రం, తెలుగులో. పేరు కలిసింది కదా, అక్కడ నాకు తెలుగులో మాట్లాడటానికి అదే దొరికింది.

నా రెండేళ్లు అయిపోయిన రోజు రైఫిలు అప్పజెప్పాను, బూట్లు ఇంటికి తెచ్చుకున్నాను. చొక్కా మీద పేరు గుడ్డ విప్పి సార్జెంటుకి ఇచ్చాను. అడిగాడు, ఇచ్చాను. క్రాంజీ నుంచి బస్సెక్కి చోవా చూ కాంగ్‌లో దిగితే అమ్మమ్మ లిఫ్టు దగ్గర నిలబడి ఉంది. "పామెట్టుంది?" అని అడిగింది ముందు.

ఆ తర్వాత ప్రతి డిసెంబరులో సెంబవాంగ్ ఇంట్లో పిల్ల పుట్టినరోజు. మేం ముగ్గురం వెళ్లేవాళ్లం. కేకు కోశాక సార్జెంటు ఆ కథ చెప్పేవాడు. ఏడాదికేడాదికి పొగ పెరిగింది, పాము పొడవు పెరిగింది. మీసం వెంట్రుకలు మాత్రం నాలుగే.

పోయిన ఏడాది సార్జెంటు పోయాడు. గుండె. పొద్దున పరుగుకి వెళ్లి తిరిగి రాలేదు. అతనికి పోయే వయసు కాదు. నాకు ఇంకా కోపంగానే ఉంది, ఎవరి మీదో తెలియదు.

మండాయ్ దహనశాలలో అంతా శుభ్రం. గాజు వెనక పెట్టె జారిపోయింది, తలుపు మూసుకుంది. బయట ఎండలో నిలబడ్డాం. మెడిక్ ఇప్పుడు డాక్టరు, కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. సిగ్నలర్ ఏడుస్తున్నాడు, వాడు ఎప్పుడూ ఏడ్చినట్టే. నేను తలెత్తి చుట్టూ చెట్ల కొమ్మలు వెతికాను. తర్వాత పొగగొట్టం వంక చూశాను. ఏమీ లేదు. ఈ కాలం కొలిమిలోంచి పొగ రాదు. ఆకాశం ఖాళీగా ఉంది.

ఎవరో నా చొక్కా లాగారు. సార్జెంటు కూతురు. పదేళ్ల పిల్ల. తండ్రి పొడవు వచ్చింది.

"పాము-లా అంకుల్," అంది. "పొగ రాదా?"

తను ఆ కథ ఎన్నిసార్లు వినుంటుంది!  మోకాళ్ల మీద కూర్చుని తన ఎత్తుకి వచ్చాను.

"అవసరం లేదమ్మా," అన్నాను. "మీ నాన్న పొగ మేం ఎప్పుడో పెట్టేశాం. నువ్వు పుట్టిన రోజునే."

పిల్ల కాసేపు ఆలోచించి తలూపింది.

ఆ రోజు పెట్టె జారడం నాకిప్పుడు సరిగా గుర్తు లేదు. గుర్తున్నది జీపు. తడి రోడ్డు మీద దూరమవుతున్న జీపు, దాని వెనక బాదం ఆకుల తెల్లటి పొగ. ముందు సీట్లోంచి బయటికి చాచిన ఒక బోసి చెయ్యి, చొక్కా లేని చెయ్యి, మలుపు తిరిగేదాకా ఊగుతూనే ఉంది.